నార్సింగి బండలు - ఫిల్ము పరీక్ష

నార్సింగి కూడలినుండి గండిపేట దారి పట్టినవారికి ఒక ప్రక్క గాజు తొడిగిన మేడలును, మరియొక ప్రక్క తవ్వకమునకు మిగిలిన బండరాళ్లును కనిపించును. మధ్యాహ్నపుటెండలో మేడగోడ కన్ను చెదరగొట్టును. బండ క్రింది నీడ గుహవలె నుండును. మన కన్ను ఈ రెంటిని సరిపెట్టుకొనును. ఫిల్ము అట్లు సరిపెట్టుకొనజాలదు. కావున ఫిల్ముల తారతమ్యము తెలిసికొనుటకు ఇది తగిన చోటు.

ఫిల్ముమీది జిలాటిన్ పొరలో వెండి లవణముల స్ఫటికములుండును. స్ఫటికము పెద్దదైనకొలది కొద్దిపాటి వెలుతురుకే స్పందించును. కాని బొమ్మను పెద్దది చేసినపుడు ఇసుక చల్లినట్లు రేణువులు బయటపడును. ఇల్‌ఫర్డ్ వారి ఎఫ్.పి.4 ప్లస్ వేగము 125, హెచ్.పి.5 ప్లస్ వేగము 400. మొదటిదానికి వలసిన వెలుతురులో ఇంచుమించు మూడవవంతు రెండవదానికి చాలును. ఈ లాభమునకు చెల్లింపవలసిన వెల రేణువుల గరుకుదనము.

అయితే పోలిక న్యాయముగా నుండవలెను. ఒక చుట్టను ఉదయమున, మరియొక చుట్టను సాయంకాలమున వాడి, వేర్వేరు డెవలపరులలో కడిగి, "ఇది మేలు" అన్నచో ఆ మాటకు విలువ లేదు. బండ, వేళ, కటకము, డెవలపరు ఒకటియే కావలెను. ఫిల్ము మాత్రమే మారవలెను. ఒక్కొక్క ఫిల్మును దాని తయారీదారు చెప్పిన వ్యవధిమేరకు కడుగవలెను. ఆ వ్యవధులు సాధారణముగా 20 డిగ్రీల ఉష్ణతకు నిర్ణయింపబడినవి. మన వేసవిలో కుళాయి నీరు అంతకంటె ఎంతో వేడిగా నుండును. వేడి మందు త్వరగా పనిచేయును. అందుచేత సీసాలను మంచుగడ్డల తొట్టిలో నిలిపి, ఉష్ణమాపకముతో చూచుకొనవలెను.

ఇక రెండవ ప్రయోగము. ఒక చుట్ట నిండ ఒకే దృశ్యమును ఒకే ఎక్స్‌పోజరుతో తీసి, కటికచీకటిలో మూడు ముక్కలు చేయుడు. ఒకదానిని నియమిత కాలము, ఒకదానిని నాలుగవవంతు తక్కువ, ఒకదానిని నాలుగవవంతు ఎక్కువ కడుగుడు. మేడగోడ సాంద్రత కాలముతోపాటు బాగుగా పెరుగును. బండనీడ మాత్రము అంతగా మారదు. వెలుతురు తాకని స్ఫటికమునుండి డెవలపరు బొమ్మను పుట్టింపలేదు. నీడను చూచి ఎక్స్‌పోజరు ఇమ్మనియు, వెలుగును చూచి కడుగుమనియు పెద్దలు చెప్పుటకు కారణమిదియే.

చివరి పని హైపో. వెలుతురు సోకని లవణమును కరగించివేయు దాని గుణమును జాన్ హెర్షెల్ 1819లో కనుగొనెను. ఆ హైపోను తుదకు మంచినీటిలో పూర్తిగా కడిగివేయనిచో ఏండ్లు గడచినకొలది బొమ్మ పసుపెక్కి వెలిసిపోవును. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ 1905లో గతించెను. ఆయన గాజుపలకల నెగెటివులు రెండువేలకు పైగా నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున నున్నవి. నాటి హైదరాబాదును మనము ఆ పలకలమీదనే చూడగలుగుచున్నాము.

ఈ ప్రాంతపు శిలలు సుమారు 250 కోట్ల ఏండ్లనాటివి. వానిలో ఎన్నియో మన కాలముననే పగిలి పునాదులలో కలిసినవి. ఉపాధ్యాయులు విద్యార్థులచేత ఈ ప్రయోగము చేయింపదలచినచో, మిగిలిన బండలమీదనే చేయింతురుగాక. ప్రతి నెగెటివు సంచిమీద ఫిల్ము పేరు, ఉష్ణత, నిమిషములు వ్రాయింపుడు. వానితోపాటు ఆ బండ యున్న చోటును, తేదీని గూడ వ్రాయింపుడు.