అనుమతి ఇచ్చినా కెమెరా ఎందుకు తెరుచుకోదు?

విండోస్ 11 సెట్టింగ్స్‌లో కెమెరా ఆన్‌లోనే ఉంది. అయినా ఆన్‌లైన్ క్లాసులో మీ ముఖం కనిపించదు. ఎందుకు?

కెమెరా దాకా చేరాలంటే యాప్ ఒక్కోసారి రెండు తనిఖీలు దాటాలి: ఒకటి విండోస్‌ది, రెండోది యాంటీవైరస్‌ది. మనల్ని దొంగచాటుగా చూసే స్పైవేర్‌ను ఆపడానికి కొన్ని యాంటీవైరస్‌లలో వెబ్‌క్యామ్ రక్షణ ఉంటుంది. తనకు తెలియని యాప్ కెమెరా అడిగితే అది అడ్డుపడొచ్చు. విండోస్ సరేనన్నా, ఇది వద్దంటే అంతే!

ఎలా సరిచేయాలి? సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ', అందులో 'కెమెరా' తెరవండి. డెస్క్‌టాప్ యాప్‌ల అనుమతి కూడా ఆన్‌లో ఉందో లేదో చూడండి. తర్వాత యాంటీవైరస్‌లోని వెబ్‌క్యామ్ రక్షణకు వెళ్లి, క్లాసు యాప్ ఒక్కదానికే అనుమతి ఇవ్వండి. ఆ యాప్‌ను మూసి మళ్లీ తెరవండి. యాంటీవైరస్‌ను మాత్రం పూర్తిగా ఆపేయకండి. ఆపేస్తే స్పైవేర్‌కూ దారి దొరుకుతుంది.