పడవ పద్దు: నలుగురూ వ్రాసే పుస్తకం

వీరాంపట్టినం మత్స్యకార సోదరులకు, వారికి డీజిలు, మంచు, వలలు అరువిచ్చే డీలర్లకు కంప్యూటరు కొత్త కాదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ 1998లో పుదుచ్చేరి పల్లెలలో సమాచార కేంద్రాల పథకాన్ని ప్రారంభించింది. ఈ గ్రామంలోని కేంద్రం అమెరికా నౌకాదళపు వెబ్‌సైటు నుండి అలల ఎత్తు అంచనాలను గ్రహించి లౌడుస్పీకరులో వినిపించేది. ఆ ఏర్పాటులో ఒకరు చెప్పగా తక్కినవారు వినేవారు. నేటి మైక్రోసాఫ్ట్ ఎక్సెల్‌లోనైతే ఒకే లెక్కను పలువురు చూడవచ్చు, వ్రాయనూ వచ్చు.

పడవ యజమాని, సరంగు, మంచు డీలరు వేర్వేరు పుస్తకాలలో పద్దులు వ్రాసుకొంటే బాకీ మూడు విధాలుగా తేలుతుంది. రుణం పునరుద్ధరణకు మీరు లెక్కలు తెచ్చినప్పుడు ఈ తేడాయే చిక్కు తెస్తుంది. ఫైలును 'వన్‌డ్రైవ్'లో, అనగా ఆ కంపెనీ వారి దూరపు కంప్యూటర్లలో, ఉంచి ముగ్గురికీ పంచితే పుస్తకం ఒక్కటే అవుతుంది. డీలరు తన దుకాణంలో వ్రాసిన మంచు ఖరీదు కొద్ది క్షణాలలో మీ ఫోనులో కనబడుతుంది. ఇంటర్నెట్ ద్వారా వాడే ఎక్సెల్‌కు రుసుము లేదు. మైక్రోసాఫ్ట్ ఖాతా ఉంటే చాలు. అయితే ఇద్దరు ఒకే గడిలో వ్రాస్తే చివరగా చేరిన అంకె నిలుస్తుంది. కనుక ఎవరి వరుస వారికి కేటాయించుకొనుట మేలు.

'మార్పులు చూపు' అనే సౌకర్యం నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది. ఏ గడిని ఎవరు, ఎప్పుడు మార్చారో, పాత అంకె ఏమిటో అది తెలుపుతుంది. కాగితం మీద కొట్టివేత ఎవరిదో చెప్పగలవారెవరు? కాని ఈ జాబితా గడచిన 60 రోజులకే పరిమితం. మన తీరంలో వేట నిషేధమో, ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు! నిషేధానికి ముందునాడు దిద్దిన పద్దు, తిరిగి పడవ దించేనాటికి ఆ జాబితాలో కానరాదు. అందుచేత వేట ఆగిన రోజుననే బాకీలు సరిచూసి, నకలు ముద్రించి, ఉభయులూ సంతకాలు చేసి ఉంచుకొనండి.

ఫైలును పంచేటప్పుడు 'లింకు గల ఎవరైనా సవరించవచ్చు' అన్న అనుమతి ఇవ్వకండి. ఆ లింకు వాట్సాప్‌లో చేతులు మారితే మీ బాకీని అపరిచితుడు కూడా దిద్దగలడు. పేరుపేరునా అనుమతించండి; కేవలం చూడవలసినవారికి చూచుటకే అనుమతి చాలును. ఆధార్ సంఖ్య, ఏటీఎం పిన్ వంటివి ఆ పుస్తకంలో వ్రాయనే వద్దు.