నరకం ఎంత లోతులో ఉంది?

బెంగళూరుకు తూర్పున సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, కోలార్ బంగారు గనుల్లో, మనుషులు భూమి లోపలికి 3 కిలోమీటర్లకు పైగా దిగి పనిచేశారు. అక్కడి ఛాంపియన్ రీఫ్ గని ఒకప్పుడు ప్రపంచంలోనే అతి లోతైన గనుల్లో ఒకటి. అట్టడుగున రాయి 65 డిగ్రీల సెల్సియస్ దాకా కాగి ఉండేది. పైనుంచి చల్లని గాలి పంపకపోతే మనిషి నిలవలేడు. ఒత్తిడికి రాళ్లు ఉన్నట్టుండి పగిలి మీద పడేవి. ఆ గనుల్లోకి దిగిన తమిళ, తెలుగు కార్మికుల్లో క్రైస్తవులు తక్కువేమీ కాదు. ఆదివారం చర్చిలో పాతాళం గురించి విని, సోమవారం పొద్దున్నే లిఫ్టులో నిజంగానే పాతాళానికి దిగినవాళ్లు వాళ్లు. 2001లో ప్రభుత్వం గనులు మూసేదాకా, నూట ఇరవై ఏళ్లపాటు, వాళ్లకు కింద దొరికింది రాయి, బంగారం, వేడి, చీకటి, ఊపిరితిత్తుల్లో చేరే దుమ్ము.

ఈ సంగతి ఎందుకంటే, 1989 ప్రాంతంలో ఒక పుకారు ప్రపంచమంతా తిరిగింది. సైబీరియాలో శాస్త్రజ్ఞులు 14 కిలోమీటర్ల లోతున బావి తవ్వారనీ, అడుగున వెయ్యి డిగ్రీలకు మించిన వేడి ఉందనీ, మైకు దింపితే వేలమంది ఆర్తనాదాలు వినిపించాయనీ, నరకం దొరికిందనీ. అమెరికాలోని ఒక పెద్ద క్రైస్తవ టీవీ సంస్థ దీన్ని ప్రసారం చేసింది. సోవియట్ యూనియన్ తవ్విన బావి నిజంగానే ఉంది. కాకపోతే అది సైబీరియాలో లేదు, నార్వే సరిహద్దుకు దగ్గరగా ఉన్న కోలా ద్వీపకల్పంలో ఉంది. లోతు 12,262 మీటర్లు. అడుగున ఉష్ణోగ్రత 180 డిగ్రీలు. ఆ వేడి శాస్త్రజ్ఞుల అంచనాను మించిపోయి తవ్వకాన్ని ఆపించిన మాట నిజమే. తర్వాతి కాలంలో చేతులు మారిన ఆ ‘ఆర్తనాదాల’ శబ్దం 1972 నాటి ఒక భయానక చిత్రంలోనిదని తేలింది. నార్వేకు చెందిన ఒక ఉపాధ్యాయుడైతే, జనం దేన్నయినా ఎంత సులువుగా నమ్ముతారో చూద్దామని, బావిలోంచి గబ్బిలం లాంటి ఆకారం ఎగిరి వచ్చిందని సొంతంగా కలిపి పంపాడు. అదీ చలామణీ అయింది.

దీన్ని చూసి నాస్తికులు నవ్వడం తేలిక. నవ్వినందువల్ల కూలేది ఆ పుకారు ఒక్కటే. విశ్వాసుల్లో ఆలోచనాపరులు దాన్ని ఎప్పుడూ తలకెత్తుకోలేదు. క్రైస్తవులకూ నాస్తికులకూ మధ్య జరిగే వాదాల్లో సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది. పరీక్షకు లొంగే మాటా, లొంగని మాటా ఒకే గాటన కడతారు.

కోలార్ గనులే ఇందుకు మరో ఉదాహరణ ఇస్తాయి. తెలుగు సువార్త సభల్లో తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది: ‘గాలి కనబడుతుందా? కనబడదు గదా, అయినా నమ్ముతున్నావు కదా?’ నాస్తికుడు దీనికి తడబడనక్కర్లేదు. కనబడకపోవడం అసలు సమస్యే కాదు. 1930లో భౌతికశాస్త్రజ్ఞుడు వుల్ఫ్‌గాంగ్ పౌలీ న్యూట్రినో అనే కణం ఉండి తీరాలని ఊహించాడు. దానికి విద్యుదావేశం లేదు, ద్రవ్యరాశి దాదాపు లేదు, దాదాపు దేనితోనూ తగులుకోదు. పౌలీకే అది పట్టుబడుతుందన్న ఆశ లేదు. 1956లో అణు రియాక్టరు పక్కన పట్టుబడింది. 1965లో కోలార్ గనిలో 2,300 మీటర్ల లోతున, మన టాటా ఇన్‌స్టిట్యూట్, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండ్‌లోని డర్హమ్ శాస్త్రజ్ఞులు వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడను నమోదు చేశారు. ఎన్ని దొరకాలో లెక్క ముందే ఉంది. దొరక్కపోతే లెక్క తప్పని ఒప్పుకోవాల్సి వచ్చేది. కనబడని దాన్ని సైన్సు నమ్మేది ఇలా ఓటమికి సిద్ధపడినప్పుడే.

ఇలా ఓడిపోగల మతపరమైన మాటలు కొన్ని ఉన్నాయి. 2012లో ముంబైలోని ఇర్లా వేళాంకణి మాత చర్చిలో సిలువ నుంచి నీళ్లు కారాయి. జనం పట్టుకెళ్లి తాగారు. హేతువాది సనల్ ఎడమరుకు వెళ్లి చూసి, దగ్గరలోని మూసుకుపోయిన మురుగు కాలువ నీరు గోడ సందుల గుండా కేశనాళికా చర్యతో పైకి పాకుతోందని తేల్చాడు. వత్తిలో నూనె పైకెక్కే సూత్రమే. ఇంతవరకూ భౌతికశాస్త్రం. తర్వాత టీవీ చర్చలో ఆయన చర్చిని గట్టిగా విమర్శించడం, మత భావాలను గాయపరిచాడని 295-ఎ సెక్షన్ కింద ఫిర్యాదులు, ఆ జూలైలో ఆయన ఫిన్లాండ్ వెళ్లిపోవడం — ఇదంతా వేరే కథ. చర్చి అధికారులు దాన్ని అద్భుతమని ప్రకటించనే లేదు. నీరు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు దొరికాక కూడా దేశం విడిచి వెళ్లాల్సి రావడం, నా దృష్టిలో, మన చట్టానికి శోభ కాదు.

పరీక్షకు లొంగే మాటకూ లొంగని మాటకూ మధ్య ఉన్న ఈ హద్దును బాగా గుర్తించినవాడు బెంగళూరులోనే ఉండేవాడు. హెచ్. నరసింహయ్య అణుభౌతికశాస్త్రంలో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి వచ్చి, బసవనగుడి నేషనల్ కాలేజీలో పాఠాలు చెబుతూ అక్కడి హాస్టల్ గదిలోనే జీవితం గడిపిన గాంధేయవాది. 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం స్థాపించాడు. బెంగళూరు విశ్వవిద్యాలయం ఉపకులపతిగా ఉండగా 1976లో అద్భుతాలనూ, పరీక్షకు లొంగే ఇతర మూఢనమ్మకాలనూ పరిశోధించే సంఘాన్ని వేశాడు. పుట్టపర్తి సత్యసాయిబాబాకు లేఖలు రాసి, నియంత్రిత పరిస్థితుల్లో తన శక్తిని చూపమని కోరాడు. జవాబు రాలేదు. దేవుడున్నాడా లేడా అన్నది ఆ సంఘం పని కాదు. గాల్లోంచి వస్తువు వచ్చిందా, చేతిలోంచి వచ్చిందా అన్నంతవరకే దాని పని. ఆ కొలత పుట్టపర్తికి ఎంత వర్తిస్తుందో స్వస్థత సభల వేదికకూ అంతే.

మరి నరకం ఈ కొలతలో ఎక్కడ నిలుస్తుంది? పాతకాలపు క్రైస్తవ పండితులు దాన్ని వాస్తవాల మధ్యనే నిలబెట్టాలని చూశారు. అయిదో శతాబ్దంలో అగస్టీన్‌కు ఒక ప్రశ్న ఎదురైంది: శరీరం నిత్యం మండుతూ కాలిపోకుండా ఎలా ఉంటుంది? ఆయన సిసిలీ అగ్నిపర్వతాలను చూపించాడు. ఎన్ని యుగాలు మండినా అవి హరించుకుపోలేదు గదా అన్నాడు. అంతటితో ఆగలేదు. కార్తేజ్‌లో తనకు వడ్డించిన నెమలి మాంసంలో ముక్క ఒకటి దాచిపెట్టించి, నెల తర్వాతా ఏడాది తర్వాతా చూస్తే అది కుళ్లలేదని రాశాడు. అది మంచి ప్రయోగం కాదు. పక్కన కోడి మాంసం ముక్క కూడా పెట్టి పోల్చి ఉండాల్సింది. అయినా, వాస్తవం చూపించాలన్న ఆ తపనను నేను గౌరవిస్తాను.

ఇదే దారిలో 1972లో ‘అప్లైడ్ ఆప్టిక్స్’ పత్రికలో ఒక సరదా లెక్క అచ్చయింది. బైబిల్లోని ప్రకటన గ్రంథం చెప్పే అగ్నిగుండంలో గంధకం ద్రవంగా ఉండాలంటే వేడి 444.6 డిగ్రీల లోపే ఉండాలి, అది దాటితే గంధకం ఆవిరైపోతుంది. పరలోకంలో వెలుగు ఎన్ని రెట్లో యెషయా గ్రంథం నుంచి తీసుకుని, స్టెఫాన్-బోల్ట్జ్‌మన్ సూత్రంతో గుణిస్తే అక్కడ 525 డిగ్రీలు తేలింది. నరకం కన్నా స్వర్గమే వేడి! 1998లో ఇద్దరు స్పెయిన్ భౌతికశాస్త్రజ్ఞులు ఆ వచనాన్ని తప్పుగా చదివారని దిద్ది, స్వర్గాన్ని 231.5 డిగ్రీలకు చల్లబరిచారు. నవ్వుకోవడానికి బాగుంది. వాదానికి పనికిరాదు. మరణానంతర స్థితికి అక్షాంశ రేఖాంశాలు లేవని నేటి వేదాంతులే అంటారు. 1999లో రెండవ జాన్ పాల్ పోప్, నరకం ఒక చోటు కాదనీ, దేవునికి తనంతట తాను దూరమైన మనిషి స్థితి అనీ వివరించాడు. అలా అన్న క్షణం నుంచి బావులు తవ్వి ఖండించడానికేమీ మిగలదు. నిరూపించడానికీ మిగలదు, ఆ సంగతి బోధకులు గుర్తించాలి.

అప్పుడు వాదం వాస్తవాల నుంచి న్యాయం వైపు మళ్లుతుంది. డార్విన్ ఆత్మకథలో, తన తండ్రీ అన్నా ఆప్తమిత్రుల్లో చాలామందీ అవిశ్వాసులు కాబట్టి నిత్యశిక్షకు పాత్రులవుతారనే సిద్ధాంతం నిజం కావాలని ఎవరైనా ఎలా కోరుకుంటారో తనకు అర్థం కాదన్న భావం రాశాడు. భార్య ఎమ్మా కోరికపై 1887 ప్రచురణలో ఆ భాగం తీసేశారు. మనవరాలు నోరా బార్లో 1958లో తిరిగి చేర్చింది. ఆయన అక్కడ ఆధారాలు అడగలేదు, నిత్యశిక్షలోని క్రౌర్యాన్ని ప్రశ్నించాడు. 1927లో బెర్ట్రాండ్ రసెల్ ఉపన్యాసంలోనూ ఇదే అభ్యంతరం. క్రైస్తవం లోపల కూడా ఈ ప్రశ్న మూడో శతాబ్దపు ఆరిజన్ నుంచి ఉంది. చివరకు అందరూ దేవుణ్ణి చేరుకుంటారని ఆయన ఆశించాడు, చర్చి తర్వాత ఆ బోధను ఖండించింది. 1988లో ఆంగ్లికన్ బోధకుడు జాన్ స్టాట్, దుష్టులు నిత్యం బాధపడటం కాక చివరికి లేకుండా పోవచ్చునని జంకుతూనే రాశాడు. అంటే నాస్తికుడు నరకం గురించి అడిగే అసలు ప్రశ్న విశ్వాసి ఇంట్లోనూ పుట్టిందే. బెంగళూరులో 1910లో వెలసిన యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ, 1957లో పి.డి. దేవానందన్ నాయకత్వంలో మొదలైన క్రైస్తవ అధ్యయన సంస్థ, ఆయన తర్వాత దాన్ని నడిపిన ఎం.ఎం. థామస్, నాస్తికులతో, మార్క్సిస్టులతో సంభాషణను చర్చి పనిగానే చూశారు. ఆ సంభాషణ సువార్త సభల మైకుల దాకా పెద్దగా రాలేదు.

బోధకుల చేతిలో మిగిలిన వాదం ఒకటుంది: నరక భయం లేకపోతే మనుషులు చెడిపోతారని. ఇది పరీక్షకు లొంగే మాటే. 2012లో పరిశోధకులు అజీమ్ షరీఫ్, మైకె రెంటుల్లా 67 దేశాల సమాచారాన్ని పరిశీలించి, నరకంపై నమ్మకం ఎక్కువగా ఉన్నచోట నేరాలు తక్కువనీ, స్వర్గంపై నమ్మకం ఎక్కువగా ఉన్నచోట నేరాలు ఎక్కువనీ చూపారు. బోధకుడు సంతోషించేలోగా మరో సంగతి. నరకాన్ని నమ్మేవారు తక్కువ సంతోషంగా ఉన్నారని షరీఫ్ మరొకరితో కలిసి 2014లో చూపాడు. పైగా ఇవి సహసంబంధాలు మాత్రమే. ఏది కారణమో, ఏది ఫలితమో ఇవి తేల్చవు. నేరం అంటే ఎవరు రాసిన లెక్క అన్నది అంతకన్నా మొండి చిక్కు.

ఆ చిక్కు మన తెలుగు నేలమీద ఒక ఊరి రూపంలోనే ఉంది. బాపట్ల దగ్గరి స్టువర్టుపురాన్ని 1910ల్లో, నేరస్థ తెగల చట్టం కింద, ఎరుకల కుటుంబాల కోసం ఏర్పాటు చేశారు. నడపడం సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. అక్కడ ప్రార్థనా ఉండేది, హాజరు పట్టీ కూడా ఉండేది. 1970ల్లో అదే ఊళ్లోకి విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపకుడు గోరా కొడుకు లవణం, ఆయన భార్య హేమలత సంస్కరణ పనికి వెళ్లారు. హేమలత మహాకవి జాషువా కూతురు. క్రైస్తవ కుటుంబంలో పుట్టి ‘క్రీస్తు చరిత్ర’ రాసి, 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన కవి కూతురు, 1960లో నాస్తికుల ఇంటి కోడలైంది. తండ్రి క్రీస్తునూ మామ నాస్తికత్వాన్నీ ఎరిగిన ఈమె పనిచేసిన ఊళ్లో, బిడ్డ పుట్టీ పుట్టగానే నేరస్థుడని ఒకప్పుడు ఆ చట్టం నిర్ణయించేది. ఏ తప్పూ చేయని ఆ బిడ్డ సువార్త వినక ముందే చనిపోతే, అలా చనిపోయినవారికి శిక్ష తప్పదనే సిద్ధాంతం లెక్కలోనూ దోషే. 1952లో ఆ చట్టాన్ని పార్లమెంటు రద్దు చేసింది. పుట్టుకను బట్టి దోషం మోపడం న్యాయమా అని అప్పుడు పాలకులను అడిగిన ప్రశ్ననే నాస్తికుడు ఇప్పుడు వేదాంతిని అడుగుతున్నాడు.