డయాలిసిస్: ఎన్ని అన్నదే గాని ఎంత అన్నది లేదు

న్యూఢిల్లీ: మూత్రపిండాలు పూర్తిగా చెడిన రోగికి వారానికి మూడుసార్లు డయాలిసిస్ అవసరమని కేంద్ర ప్రభుత్వం 2016లోనే ఒప్పుకున్నది. మాటలలో కాదు, అంకెలలో. ఏటా 2.2 లక్షలమంది కొత్త రోగులు చేరుతున్నారనీ, వారి వలన అదనంగా 3.4 కోట్ల డయాలిసిస్‌లు కావలసివస్తున్నవనీ ఆ ఏటి బడ్జెట్ ప్రసంగంలో నాటి ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ చెప్పారు. భాగహారం చేస్తే తలకు ఏడాదికి దాదాపు 155. అంటే వారానికి మూడు. మన దేశంలో చాలామందికి దక్కుతున్నవి రెండే!

జిల్లా ఆసుపత్రులలో డయాలిసిస్ కేంద్రాలు నెలకొల్పే జాతీయ పథకాన్ని ప్రకటించినది కూడా ఆ ప్రసంగంలోనే. స్థలం, విద్యుత్తు, నీరు రాష్ట్రానివి. యంత్రాలు, సిబ్బంది ప్రైవేటు సంస్థలవి. చెల్లింపు డయాలిసిస్‌ల సంఖ్యను బట్టి. కనుక ఎన్ని జరిగినవన్నది దస్త్రాలకెక్కుతుంది. రక్తం ఏ మేరకు శుభ్రపడినదో తెలియాలంటే మాత్రం చికిత్సకు ముందూ, తరువాతా రక్తం తీసి యూరియాను కొలవాలి. కనీసం 65 శాతం తగ్గితేనే చికిత్స చాలినట్లు. ఈ పరీక్ష నెలకొకసారి జరపాలన్నది వైద్య నియమం. మిగిలిన రోజులలో గడియారమే ప్రమాణం.

శ్వాస పరీక్ష ప్రసక్తి వచ్చేది ఇక్కడే. మూత్రపిండ రోగుల నోటి వాసనను వైద్యులు ఏనాటినుండో ఎరుగుదురు. రక్తంలో పేరుకున్న యూరియా లాలాజలంలోకి చేరగా, నోటిలోని సూక్ష్మజీవులు దానిని అమ్మోనియాగా మారుస్తవి. డయాలిసిస్ సాగే కొద్దీ శ్వాసలో ఆ అమ్మోనియా తగ్గుతుంది. దానిని కొలిచి, రక్తంలోని యూరియాతో పోల్చి 2001లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి ఫలితాలు ప్రకటించిన ముగ్గురిలో కుమార్ పటేల్ ఒకరు. బారామతిలో పుట్టి, పూనాలో ఇంజనీరింగు చదివి, 1964లో అమెరికాలో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను కనిపెట్టినది ఆయనే. (ఢిల్లీలో బారామతి పేరు వినిపించే కారణాలు వేరు.) ఆ లేజరే ఈ కొలతకు సాధనమైనది. తరువాత డబ్లిన్ పరిశోధకులు పాలీఅనిలిన్ అనే పదార్థాన్ని సిరావలె ముద్రించి చిన్న సెన్సర్లు తయారు చేశారు.

అయితే తొందరపడరాదు. నోరు పుక్కిలిస్తేనే ఈ అంకె మారిపోతుంది. నోటి శ్వాసకు, ముక్కు శ్వాసకు పొంతన ఉండదు. అందుచేత రక్తపరీక్ష మధ్యకాలంలో హెచ్చరికగా ఇది పనికిరావచ్చును గాని దాని స్థానాన్ని ఆక్రమించజాలదు. మరొక భయం కూడా లేకపోలేదు. డయాలిసిస్‌కు తల ఒకింటికి సొమ్ము పుచ్చుకునే సంస్థ, అమ్మోనియా తగ్గినది గదా అని రోగిని మూడు గంటలకే లేపివేయవచ్చును. ఒంటిలో చేరిన నీటిని తీయడానికీ, ఫాస్ఫరస్‌ను తగ్గించడానికీ వ్యవధి కావాలి; దానిని శ్వాస చెప్పదు.

అయినా సూది అవసరం లేని పరీక్షను విలాసమనడానికి వీలు లేదు. కారణం ఇదమిత్థమని తేలని మూత్రపిండ వ్యాధి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరితోటల కూలీలను, జీడితోటల రైతులను పట్టి పీడిస్తున్నది. ఈ వ్యాధి ముదిరినవారికి రక్తహీనత సర్వసాధారణం. అటువంటివారి నుండి మాటిమాటికీ రక్తం తీయడం ఏ వైద్యునికీ ఇష్టం కాదు.

రాబోయే సమావేశాలలో మన పార్లమెంటు సభ్యులు ఎన్ని యంత్రాలు మంజూరైనవని కాక, ఎందరు రోగులకు ఆ 65 శాతం అందుతున్నదని అడిగి చూడవచ్చును. మంత్రిగారి వద్ద ఆ దస్త్రం ఉన్నదో లేదో తేలిపోతుంది.