ఇంట్లో కంప్యూటర్ లేదు, ఫోన్ ఒక్కటే ఉంది: లినక్స్ డిస్క్ చేసుకోవడం ఎలా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది కదా, అప్పట్నుంచి పాత ల్యాప్‌టాప్‌ల మీద ప్రశ్నలు ఎక్కువయ్యాయి. మా వట్లూరులో సి.ఆర్.రెడ్డి ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, చుట్టుపక్కల రూముల్లో ఇలాంటి 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లకి కొదవ లేదు. ఈ ఎపిసోడ్ మాత్రం కొల్లేరు వైపు నుంచి ఒక తమ్ముడు పంపిన మెసేజ్ గురించి.

"అన్నా, ల్యాప్‌టాప్‌లో విండోస్ ఓపెన్ అవ్వట్లేదు. షాపులో ఫార్మాట్ కొట్టాలి, డేటా పోతుంది అంటున్నారు. నాన్న చేపల చెరువుల మేత లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. లినక్స్ సీడీ చేద్దామంటే ఇంకో కంప్యూటర్ లేదు, ఫోన్ ఒక్కటే ఉంది."

విండోస్ పాడైనంత మాత్రాన ఫైళ్లు పోయినట్టు కాదండి. హార్డ్ డిస్క్ బాగుంటే, పెన్‌డ్రైవ్ మీద నుంచి లినక్స్ నడిపి ఆ ఫైళ్లు బయటకి తీసుకోవచ్చు. ఆ పెన్‌డ్రైవ్ ఫోన్‌తోనే తయారుచేయొచ్చు కూడా.

ముందు సీడీ సంగతి తేల్చేద్దాం. ఒకప్పుడు ఉబుంటు వాళ్లు అడిగినవాళ్లకి సీడీలు ఉచితంగా పోస్టులో పంపేవారు, 2011లో ఆపేశారు. అప్పట్లో మొత్తం సిస్టమ్ 700 ఎంబీ సీడీలో పట్టేది. ఇప్పటి ఉబుంటు ఫైల్ 6 జీబీ దగ్గర ఉంటుంది, మామూలు 4.7 జీబీ డీవీడీలో కూడా పట్టదు. కాబట్టి డిస్క్ అంటే ఇప్పుడు పెన్‌డ్రైవే. 8 జీబీది చాలు.

4 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్‌కి నేనైతే లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ చెబుతాను. ఉబుంటు మంచిదే, కానీ ఇంత పాతదాని మీద బరువు. మింట్ ఫైల్ సుమారు 3 జీబీ. దాన్నే ఐఎస్ఓ ఫైల్ అంటారు, డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా మడతపెట్టినట్టు అనుకోండి.

రోజుకి 1.5 జీబీ ప్యాక్‌తో 3 జీబీ ఎలా అంటారా? బ్రౌజర్‌లో పెడితే మధ్యలో తెగిపోయినప్పుడు ఒక్కోసారి మళ్లీ మొదటికొస్తుంది. రైల్వే స్టేషన్ వైఫై చాలదు. రైల్‌టెల్ వాళ్లు ఉచితంగా ఇచ్చేది అర గంట, 1 ఎంబీపీఎస్ వేగంతో. లెక్కేస్తే 225 ఎంబీ. అందుకని టొరెంట్ వాడండి. టొరెంట్ అనగానే పైరసీ సినిమాలు గుర్తొస్తాయి గానీ, మింట్ వాళ్లే తమ సైట్‌లో టొరెంట్ లింక్ పెడతారు, ఇది పూర్తిగా చట్టబద్ధం. ఆపిన చోట నుంచే మళ్లీ మొదలవుతుంది, వచ్చిన ప్రతి ముక్కనీ తనే సరిచూసుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో లిబ్రెటొరెంట్ యాప్ ఉంది. మూడు రోజులు పట్టనివ్వండి, నష్టం లేదు.

ఇక్కడ కాస్త ఆగండి, చాలామంది దాటేసే పని ఒకటుంది. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ సైట్‌లోకే హ్యాకర్లు దూరారు. మింట్ 17.3 సినమన్ ఎడిషన్ డౌన్‌లోడ్ లింక్ మార్చేసి, దొంగదారి పెట్టిన ఐఎస్ఓ వైపు తిప్పారు. ఆ రోజు సైట్‌లో ఆ లింక్ నొక్కినవాళ్లకి నకిలీ వచ్చింది. టొరెంట్‌తో తీసుకున్నవాళ్లకి ఏమీ కాలేదు. అసలు సైట్‌లోనే ఇలా జరిగితే, టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో పెట్టిన ఐఎస్ఓని ఎలా నమ్ముతాం?

దీనికి మందు చెక్‌సమ్. ఫైల్ మొత్తాన్ని లెక్కగట్టి తీసిన 64 అక్షరాల వేలిముద్ర అది, పేరు ఎస్‌హెచ్‌ఏ-256. ఫైల్‌లో ఒక్క బిట్ మారినా వేలిముద్ర మొత్తం మారిపోతుంది. ఫోన్‌లో టెర్మక్స్ యాప్ వేసుకుని, స్క్రీన్ మీద కనిపిస్తున్న కమాండ్ కొట్టండి. వచ్చిన అక్షరాలు మింట్ సైట్‌లో ఇచ్చినవాటితో కలవాలి. మొదటి నాలుగు చూసి సరే అనుకోకండి, చివరిదాకా చూడండి. సైట్ హ్యాక్ అయితే చెక్‌సమ్ కూడా మార్చేయొచ్చు కదా అన్న అనుమానం సరైనదే. దానికోసమే చెక్‌సమ్ ఫైల్ మీద జీపీజీ సంతకం ఉంటుంది. అది ఇంకో ఎపిసోడ్‌కి సరిపడా విషయం.

రాయడం తేలికే. ఓటీజీ అడాప్టర్‌తో పెన్‌డ్రైవ్‌ని ఫోన్‌కి పెట్టండి. ఎచ్‌డ్రాయిడ్ అనే యాప్‌లో ఐఎస్ఓ ఎంచుకుని, పెన్‌డ్రైవ్ చూపించి, మొదలుపెట్టండి. ఫోన్ రూట్ చేయక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో ఇంతకుముందున్నవన్నీ చెరిగిపోతాయి, పెళ్లి ఫొటోలున్న పెన్‌డ్రైవ్ తీసుకురాకండి బాబూ. ఛార్జింగ్ నిండా పెట్టుకుని, పూర్తయ్యేదాకా ఫోన్‌ని బల్ల మీద కదపకుండా ఉంచండి. ఐఎస్ఓని మామూలుగా కాపీ పేస్ట్ చేస్తే మాత్రం బూట్ అవ్వదు. ఫ్రెండ్ దగ్గర విండోస్ కంప్యూటర్ ఉంటే రూఫస్ వాడండి. కాపీ పేస్ట్‌తోనే అయిపోవాలంటే ముందు వెంటాయ్ ఎక్కించుకోవాలి.

ఇప్పుడు ల్యాప్‌టాప్. పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేయగానే డెల్, లెనోవోలో ఎఫ్12 నొక్కుతూ ఉండండి. హెచ్‌పీలో అయితే ఎస్కేప్ నొక్కి ఎఫ్9. లిస్టులో పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే మింట్ నేరుగా దాని మీద నుంచే నడుస్తుంది, హార్డ్ డిస్క్‌లో ఏమీ మారదు. దీన్నే లైవ్ మోడ్ అంటారు. డెస్క్‌టాప్ మీద ఇన్‌స్టాల్ అని ఒక బొమ్మ ఊరిస్తూ ఉంటుంది. దాని జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.

తమ్ముడూ, నీ పని ఇక్కడ. ఫైల్ మేనేజర్‌లో ఎడమవైపు విండోస్ డ్రైవ్ కనిపిస్తుంది, అందులో యూజర్స్ ఫోల్డర్‌లో నాన్నగారి లెక్కలుంటాయి. విండోస్ సరిగ్గా షట్‌డౌన్ కాకపోయి ఉంటే ఆ డ్రైవ్ చదవడానికి మాత్రమే తెరుచుకోవచ్చు. మనకి కావాల్సింది కాపీయే కాబట్టి ఇబ్బంది లేదు. పాస్‌వర్డ్ లాంటిది అడిగితే బిట్‌లాకర్ ఉందని అర్థం, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి ఫోన్ నుంచి లాగిన్ అయితే రికవరీ కీ అక్కడ ఉండే అవకాశం ఉంది.

కాపీ ఎక్కడికి చేయాలి అంటే, ఫోన్‌లోకే. కేబుల్‌తో కలిపి ఫోన్‌లో ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకుంటే మింట్‌లో ఫోన్ కూడా ఒక ఫోల్డర్‌లా కనిపిస్తుంది. కాపీ అయ్యాక కేబుల్ తీసేసి, ఆ లెక్కల ఫైళ్లు ఫోన్‌లో ఒక్కొక్కటీ తెరిచి చూడు, నాన్నగారికి కూడా చూపించు. ఆయన అన్నీ ఉన్నాయి అన్నాకే ఆ ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కు.