పెద్దవాళ్ల మందులు ఎవరు చూస్తున్నారు?

నర్సింగ్‌హోమ్ అంటే మనకు కాన్పులూ, ఆపరేషన్లూ చేసే చిన్న ఆస్పత్రి గుర్తొస్తుంది. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. తమ పనులు తాము చేసుకోలేని పెద్దవాళ్లు నర్సుల సంరక్షణలో ఉండే చోటు అది. అక్కడి పద్ధతి ఒకటి మన ఇళ్లకూ పనికొస్తుంది.

అక్కడ ఉన్న ప్రతి ఒక్కరి మందులనూ కనీసం నెలకోసారి ఫార్మసిస్టు పరిశీలించాలని ప్రభుత్వ నిబంధన. ఏ మందు ఎందుకు ఇస్తున్నారు, మోతాదు ఎక్కువైందా, ఒకదానికొకటి పడనివి ఉన్నాయా, అవసరం తీరినా ఇంకా మింగిస్తున్నారా అని చూస్తారు. తేడా కనిపిస్తే డాక్టరుకు రాసి ఇస్తారు. డాక్టరు మందు మార్చకపోతే ఎందుకు మార్చలేదో కూడా రాయాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? వయసు మీదపడ్డాక మూత్రపిండాల పని మందగిస్తుంది. మందు ఒంట్లోంచి త్వరగా పోదు. రాత్రి వేసిన నిద్రమాత్ర మర్నాడు కూడా తూలిస్తుంది. బాత్‌రూంలో పడి తుంటి ఎముక విరిగితే "వయసైపోయింది" అనుకుంటాం గానీ, మాత్ర మీద అనుమానం రాదు. 1991లో మార్క్ బీర్స్ అనే అమెరికా డాక్టరు, తోటివారితో కలిసి, నర్సింగ్‌హోముల్లోని పెద్దవాళ్లకు వీలైనంతవరకు ఇవ్వకూడని మందుల జాబితా తయారుచేశారు. దాన్ని 2023లోనూ సవరించారు. డయాజిపామ్, జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, షుగరుకు వాడే గ్లిబెన్‌క్లమైడ్ అందులో ఉన్నాయి. ఉన్నంత మాత్రాన విషమని కాదు, డాక్టరును అడగాల్సినవని.

మా బంధువులావిడ ఒక వృద్ధాశ్రమంలో ఉన్నారు. వేళకు మాత్రలు చేతికిస్తారు. అవి ఇంకా కావాలా అని అడిగే నాథుడు లేడు. ఇళ్లలోనూ అంతే కదండీ! గుండె డాక్టరు, మోకాళ్ల డాక్టరు, ఎవరి చీటీ వారిది. అన్నీ కలిపి చూడాల్సింది మనమే.

* మందులన్నీ, ఆయుర్వేదం మాత్రలతో సహా, సంచీలో వేసి డాక్టరు దగ్గరకు పట్టుకెళ్లండి. "వీటిలో ఏవైనా ఇక మానేయొచ్చా అండీ?" అని అడగండి.

* అట్ట మీద పెద్దక్షరాల పేరుతో సరిపెట్టుకోక, చిన్నక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదవండి. క్రోసిన్, డోలో, కాల్పాల్ పేర్లు వేరైనా లోపలున్నది పారాసిటమాలే. రెండూ వేస్తే మోతాదు రెట్టింపు.

* షాపులో "అది లేదు, ఇది వాడండి" అంటే, అదే మందా, అదే మోతాదా అని అక్కడి ఫార్మసిస్టును అడగండి.

* కొత్త మాత్ర మొదలుపెట్టాక మగత, తూలు, తికమక కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి.

* మీ అంతట మీరు మాత్రం ఏదీ మాన్పించకండి. బీపీ, మూర్ఛ, నిద్ర మాత్రల్లో కొన్నింటిని హఠాత్తుగా ఆపితే ప్రమాదం.

నెలకోసారి పప్పులూ ఉప్పులూ చీటీ రాసుకుంటాం కదా! ఆ రోజే అత్తగారి మందుల డబ్బా కూడా ముందు పెట్టుకుని కూర్చోండి. పావుగంట పని.