తెరమీది బొమ్మను పట్టుకోవటం

తునిలో మామిడిపళ్ళ రోజులూ, పదో తరగతి ఫలితాల రోజులూ ఇంచుమించు కలిసే వస్తాయి. మీ అక్కయ్య మార్కులు కంప్యూటరు తెరమీద కనిపించాయనుకోండి. వాటిని విశాఖపట్నంలో ఉన్న మామయ్యకు చూపించాలి. అందరూ ఒక్కసారే చూస్తూంటారు కనక, ఆ పేజీ మూస్తే మళ్ళీ ఎప్పటికి తెరుచుకుంటుందో! అప్పుడేం చేస్తారు?

సెల్‌ఫోనుతో తెరను ఫోటో తీస్తే చారలు పడతాయి. ట్యూబ్‌లైటు కూడా అందులో మెరుస్తుంది. అంత శ్రమ దేనికి? కీబోర్డు పైవరుసలో, కుడివైపున, "ప్రింట్ స్క్రీన్" అనే మీట ఉంటుంది. దానికా పేరెందుకు వచ్చిందో తెలుసునా? 1981లో ఐ.బి.యం. వారు తెచ్చిన కంప్యూటరులో షిఫ్టుతో కలిపి దాన్ని నొక్కితే, తెరమీది అక్షరాలు నిజంగానే కాగితంమీద అచ్చయ్యేవి!

2012లో వచ్చిన విండోస్ 8 మొదలు, విండోస్ మీటతోబాటు దాన్ని నొక్కితే చాలు. తెర క్షణంసేపు మసకబారుతుంది. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలున్న తెర అయితే, మొత్తం 20,73,600 చుక్కల రంగులూ ఉన్నవి ఉన్నట్టు నకలై, "పిక్చర్స్"లోని "స్క్రీన్‌షాట్స్" అనే ఫోల్డరులో చేరతాయి. కెమెరాతో పనే లేదు!

కొంతభాగమే కావాలా? విండోస్, షిఫ్టు, ఎస్ మీటలు మూడూ కలిపి నొక్కి, కావలసినంత మేర మౌసుతో గీసి, వెంటనే సేవ్ చేసుకోండి.

ఫోల్డరులో దాని పేరు "స్క్రీన్‌షాట్ (47)" అని ఉంటుంది. ఆర్నెల్లు పోయాక ఆ 47 ఏమిటో మీకే తెలియదు! "అక్కయ్య మార్కులు" అని మార్చండి. కాలేజీలో చేరటానికి మాత్రం ఈ బొమ్మ చాలదు, అసలు మెమో కావలసిందే. మామయ్యకు సరే, పదిమందికీ పంపేటప్పుడు హాల్ టిక్కెట్టు నంబరు కత్తిరించి మరీ పంపండి.